గొట్టం ఒకసారికేనా? డెల్టా ఇళ్లలో క్యాథెటర్ తగవుకు నేపథ్యం

మూత్రం మీద పట్టు తప్పినవారు వాడే పరికరాల సంగతి గోదావరి డెల్టాలో మళ్ళీ చర్చకు రావడానికి ఈసారి రెండు కారణాలు కలిసొచ్చాయి. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం పింఛన్లు పెంచినప్పుడు వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలకు, ప్రమాదం వల్లనో పక్షవాతం వల్లనో మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవారి పింఛను 5,000 నుంచి 15,000 రూపాయలకు చేరింది. 2025 ఆరంభంలో ఆ పెద్ద పింఛను తీసుకునేవారి ఇళ్లకు వైద్య బృందాలు వెళ్లి వైకల్యాన్ని తిరిగి పరీక్షించడం మొదలుపెట్టాయి. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి వైద్య పరికరాల మీదా, పెద్దల డైపర్ల మీదా జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పింఛను ఎంత, దానిలో ఖర్చు ఎంత అని లెక్క కట్టడం మొదలుపెడితే కొన్ని ఇళ్లలో అది నేరుగా, మూత్రాశయంలోకి పెట్టి మూత్రం బయటికి తీసే ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టం (క్యాథెటర్) దగ్గరికి వెళ్లి ఆగుతుంది. దాన్ని ఒకసారి వాడి పారేయాలా, కడిగి మళ్ళీ వాడుకోవచ్చా అన్నదే అసలు తగవు.

ఈ గొట్టం అవసరమయ్యేవారిలో వృద్ధులున్నారు, మధుమేహం ముదిరినవారున్నారు. అయినా తగవు అసలు రూపం కనిపించేది కొబ్బరి చెట్టు మీదనుంచి పడి వెన్ను విరిగిన దింపు కార్మికుల ఇళ్లలోనే. వానకు తడిసిన మాను మీద కాలు జారి పడ్డ మనిషి బతికి బయటపడినా, కాళ్లతోపాటు మూత్రాశయం కూడా మెదడు మాట వినడం మానేయవచ్చు. నిండిన సంగతి తెలియదు. నిండిన తరవాత దానంతటదే కారుతుంది, లేదా పూర్తిగా ఖాళీ కాక లోపలే నిలిచి, ఆ ఒత్తిడి పైకి తన్ని మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఇంటివాళ్ల కంటికి కనిపించేది తడిసిన లుంగీ, పక్కబట్టలు, వాసన. అందుకని వారు దీన్ని కారే జబ్బుగానే చూస్తారు. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం కారకుండా లోపల నిలిచిపోయిన మూత్రం. కొబ్బరి అభివృద్ధి మండలి చెట్లెక్కేవారి కోసం నడుపుతున్న కేర సురక్ష బీమా పడిన నాటి ఆసుపత్రి ఖర్చును, వైకల్య పరిహారాన్ని చూసుకుంటుందిగానీ, ఆ తరవాత రోజుకు నాలుగైదుసార్లు గొట్టం పెట్టుకోవడానికి బతికినంతకాలం అయ్యే ఖర్చు దాని పరిధిలోకి రాదు.

అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ 1930లలో రూపొందించిన, కొసన బుడగ ఉబ్బి మూత్రాశయంలోనే నిలిచే గొట్టం కథను ఇక్కడ తిరగదోడనక్కరలేదు. (పేటెంటు తగాదాలో ఆయన ఓడిపోయారు, పేరు మాత్రం ఆయనదే నిలిచింది.) డెల్టా ఊళ్లలో ‘పైపు వేశారు’ అంటే ఇప్పటికీ ఆ గొట్టమే, దానికి వేలాడే సంచే. ఆసుపత్రిలో వేసి పంపుతారు, కొన్ని వారాలకోసారి ఊళ్లో ఆర్ఎంపీ వచ్చి మారుస్తాడు. సులువే. కానీ ఆ పైపు లోపల ఉన్న ఒక్కో రోజుకూ మూత్రంలో సూక్ష్మజీవులు చేరే అవకాశం 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతుందని వైద్య గ్రంథాలు లెక్క చెబుతాయి. నెల దాటేసరికి దాదాపు అందరిలోనూ చేరే ఉంటాయి. రాళ్లు కడతాయి, పైపు పూడుకుపోతుంది, పక్కనుంచి కారుతుంది. కారకుండా వేసిన పైపు పక్కనుంచి కారడం మొదలైన తరవాతే చాలామంది రెండో మార్గం కోసం వెతుకుతారు.

ఆ రెండో మార్గం పుట్టిన తీరులోనే నేటి తగవంతా ఉంది. గొట్టాన్ని లోపలే ఉంచేయకుండా, వేళకు పెట్టి, ఖాళీ చేసి, తీసేయడం కొత్త ఆలోచన కాదు. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో యుద్ధంలో వెన్ను దెబ్బతిన్న సైనికులకు లుడ్విగ్ గుట్‌మన్ ఆ పద్ధతి పాటించారు. 476 మంది రోగుల అనుభవాన్ని ఆయన, హాన్స్ ఫ్రాంకెల్ కలిసి 1966లో ప్రచురించారు. అయితే అక్కడ గొట్టాన్ని చేత్తో ముట్టకూడదు. సూక్ష్మజీవి అన్నది లేకుండా ప్రతిదీ శుద్ధి చేసి, శిక్షణ పొందినవారు మాత్రమే పెట్టాలి. అంటే ఆసుపత్రి గోడల లోపల తప్ప సాగని పద్ధతి. ఇంటికి వెళ్లిన రోగి మళ్ళీ పైపుకీ సంచికీ రావలసిందే.

ఆ గోడను పగలగొట్టింది మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాక్ లాపిడెస్. 1972లో ఆయన, ఆయన సహచరులు ప్రచురించిన వ్యాసం చెప్పిన మాట అప్పటి వైద్యులకు దాదాపు అపచారంలా వినిపించింది. మూత్ర ఇన్ఫెక్షన్‌కు అసలు కారణం గొట్టంతో లోపలికి వెళ్లే నాలుగు సూక్ష్మజీవులు కావు, అతిగా సాగిపోయి రక్తప్రసారం తగ్గిన మూత్రాశయపు గోడ అని ఆయన వాదించారు. గోడ ఆరోగ్యంగా ఉంటే శరీరం ఆ కాసిని సూక్ష్మజీవులను తానే తట్టుకుంటుంది. కనుక ముఖ్యమైనది శుద్ధి కాదు, వేళ తప్పకపోవడం. చేతులు కడుక్కుని, సబ్బుతో కడిగిన గొట్టాన్ని రోగే స్వయంగా పెట్టుకోవచ్చు. చేతులు కడుక్కునే వీలు లేదన్న వంకతో వేళ దాటవేయడంకంటే, వీలైనంత శుభ్రంగా ఆ వేళకే పెట్టుకోవడం మేలు. కడిగిన గొట్టాన్నే మళ్ళీ మళ్ళీ వాడినవారు ఆ పద్ధతిలో సంవత్సరాల తరబడి బాగున్నారు. ఇవాళ ప్రపంచమంతా వెన్నుపాము గాయాలకు మొదటగా సూచించే పద్ధతి ఇదే. ఒక మాట గమనించాలి: ఈ పద్ధతి పుట్టినప్పుడు అది ‘పారేసే’ పద్ధతి కాదు. కడిగి వాడుకోవడం పేదవారు తరవాత కనిపెట్టిన సర్దుబాటు కాదు. మొదటి రూపమే అది.

మరి ‘ఒక్కసారికే’ అన్న ముద్ర ఎక్కడినుంచి వచ్చింది? 1980ల నుంచి నీటితో తడిపితే జారే పూత ఉన్న గొట్టాలు బజారులోకి వచ్చాయి. పూత ఒకసారికి పోతుంది కాబట్టి వాటిని మళ్ళీ వాడే వీలు లేదు. వాటివల్ల రాపిడి తగ్గుతుందన్నదీ నిజమే. తరవాతి పెద్ద మలుపు డబ్బు వైపునుంచి వచ్చింది. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ 2008 వరకు సాధారణంగా నెలకు 4 గొట్టాలకే చెల్లించేది. వారానికొకటి, కడిగి వాడుకోండి అన్నట్టు. 2008 ఏప్రిల్ నుంచి నెలకు 200 వరకు చెల్లించడానికి ఒప్పుకుంది. నాలుగు రెండువందలైన చోట తయారీదారులు ఎటు మొగ్గుతారో వేరే చెప్పాలా? కడిగి వాడితే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయనడానికి గట్టి రుజువు ఉందా అంటే, కాక్రేన్ సంస్థ 2014లో పరిశోధనలన్నిటినీ క్రోడీకరించి తేడా కనిపించలేదంది; లెక్కల్లో తప్పులు దొరలాయని తేలడంతో ఆ సమీక్షను ఉపసంహరించుకుంది; 2021లో మళ్ళీ చేసినప్పుడు ఇటూ అటూ తేల్చేంత బలమైన ఆధారం లేదని రాసింది.

ఒకసారి వాడి పారేయాలనేవారి పక్షం కొట్టిపారేయదగినది కాదు. తయారీదారు ఒకసారి వాడకానికే పరీక్షించి అమ్మిన వస్తువుకు రెండోసారి హామీ ఉండదు. ఆసుపత్రి వార్డులో, తరచూ జ్వరం వచ్చేవారిలో, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో కొత్త గొట్టమే వాడాలి.

మన దేశంలో చట్టం ఆ ముద్రనే బలపరిచింది. క్యాథెటర్లను 2005లోనే మందుల చట్టం కిందికి తెచ్చారు. 2018 జనవరి నుంచి అమలైన వైద్య పరికరాల నిబంధనల ప్రకారం ఒకసారి వాడకానికి ఉద్దేశించిన పరికరం మీద ఆ మాట అచ్చు వేయాలి. ఇక్కడివరకు సబబే. చిక్కు రెండో చట్రంతో వచ్చింది. వికలాంగులకు ఉపకరణాలు ఇచ్చే కేంద్ర పథకం, ఎడిప్ అని పిలిచేది, 1981 నుంచి ఉంది. అది ఇస్తానన్నది ‘మన్నికైన’ ఉపకరణాలు. మూడు చక్రాల బండి మన్నుతుంది, చంకకర్ర మన్నుతుంది, వినికిడి యంత్రం మన్నుతుంది. పారేసే గొట్టం మన్నదు. 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలుపెట్టిన, వృద్ధులకు ఉపకరణాలిచ్చే కేంద్ర పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన తొలి జాబితాలో చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, కట్టుడు పళ్లు, కళ్లజోళ్లు ఉన్నాయి. వయసు మళ్ళినవారిలో అంత సాధారణమైన మూత్రం కారడానికి అందులో ఏమీ లేదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 24వ సెక్షను ఉపకరణాలతోపాటు మందులు కూడా ఉచితంగా ఇవ్వాలంటుంది, కాకపోతే ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు అన్న షరతుతో. ఒక కాగితం ‘ఒక్కసారికే’ అంది, ఇంకో కాగితం ‘మన్నిక ఉంటేనే’ అంది. ఆ రెండు మాటల నడుమ గొట్టం ఎవరి పద్దులోకీ రాకుండా పోయింది. ఈ వ్యాసకర్త దృష్టిలో నేటి తగవుకు పింఛను మొత్తంకంటే ఇదే ముఖ్యమైన మూలం.

ఇక లెక్క చూడండి. రోజుకు 4 నుంచి 6 సార్లంటే నెలకు 120 నుంచి 180 గొట్టాలు. మామూలు గొట్టం పదుల రూపాయల్లో, జారుడు పూత ఉన్నది వందల్లో ఉంటుంది. 12 శాతం పన్ను 5 శాతమైతే మిగిలేది ఉంటుందిగానీ, పూత ఉన్న గొట్టాలు రోజుకు అయిదు కొనాలంటే 15,000 కూడా చాలవు. అందుకే వారు కడుగుతారు. ఎలా కడగాలో చెప్పేవారుంటే అది లాపిడెస్ పద్ధతి; చెప్పేవారు లేకపోతే అది జ్వరానికి దారి. ఒకసారికే వాడమని పొట్లం మీద రాసిన వస్తువును కడిగి వాడే తీరు నేర్పడానికి ఆసుపత్రి సిబ్బంది జంకుతారు, నేర్పనందువల్ల జరిగే తప్పులను చూపి కడగడమే తప్పంటారు.

ఆ పద్ధతికి కావలసిందల్లా సబ్బు, నీళ్లు, పొడిగా ఆరబెట్టే చోటు. డెల్టా అనగానే నీళ్లకేం కొదవ అనిపిస్తుంది. సముద్రం వైపున్న సఖినేటిపల్లి, కాట్రేనికోన, ఉప్పలగుప్తం మండలాల్లో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడే ఊళ్లు చాలా ఉన్నాయి. వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువులో నింపుకున్న నీళ్లే దిక్కు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంకలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అలాంటి రోజుల్లో పైపు ఉన్నవారికి మార్చే మనిషి పడవ మీద రావాలి. తానే పెట్టుకునేవారికి కాచి చల్లార్చిన బిందెడు నీళ్లుంటే గడుస్తుంది.

ఆడవారి సంగతి మరీ కష్టం. మగవారికి బయటినుంచి తొడిగే కండోమ్ క్యాథెటర్ అన్న మధ్యేమార్గం ఉంది, ఆడవారికి అంత నమ్మకంగా నిలిచేది లేదు. కాబట్టి లోపలి పైపు, గుడ్డలు, డైపరు, లేదా అద్దం పెట్టుకుని తానే గొట్టం పెట్టుకోవడం నేర్చుకోవడం. చాటు లేని రెండు గదుల ఇంట్లో ఆఖరిది నేర్పడానికి ఒక నర్సు ఓపిగ్గా నాలుగు పూటలు కూర్చోవాలి. పరికరం ఖరీదు గురించి ఇంత మాట్లాడేవారు ఆ నాలుగు పూటల గురించి మాట్లాడకపోవడం వింతే.

పింఛను పునఃపరిశీలన దీనికి కొత్త భయం జోడించింది. సంచి వేలాడుతున్న మనిషి వచ్చినవారి కంటికి రోగిలా కనిపిస్తాడు. వేళకు గొట్టం పెట్టుకుని, లుంగీ తడవకుండా చక్రాల కుర్చీలో వాకిట్లో కూర్చున్నవాడు బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. వైకల్య శాతం అలా లెక్కించాలని ఏ నిబంధనలోనూ లేదు; అయినా ఆ భయంతో సంచి తీయించుకోవడానికి వెనుకాడేవారు ఉంటే వారిని తప్పుపట్టలేము. మూత్రపిండాలకు మేలు చేసే పద్ధతి పింఛనుకు కీడు చేస్తుందేమో అనిపించే పరిస్థితి రావడమే తప్పు.

రెండు మాటల మధ్య పడిపోయిన గొట్టానికి పూర్వోదాహరణ లేకపోలేదు. జపానులో పలుచని డబ్బాలో, క్రిమిసంహారక ద్రవంలో ఉంచి మళ్ళీ మళ్ళీ వాడే సిలికాన్ గొట్టాలు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. తయారీదారే మళ్ళీ వాడమని చెప్పి అమ్మే వస్తువు కాబట్టి దాని మీద ‘ఒక్కసారికే’ అన్న ముద్ర ఉండదు. ‘మన్నికైన’ అన్న మాటకూ అది సరిపోతుంది.