‘లైవ్’లో ఆ సెకన్లు ఎక్కడ పోతాయి?

తెర మూలన ‘లైవ్’ అని ఉన్నా, మనం చూసేది ఎంతోకొంత పాతదే. కొన్నిసార్లు అర నిమిషం పాతది కూడా. స్టూడియోలో ఎవరో నిదానంగా పనిచేయడం వల్ల కాదు ఇది. అక్కడ పని సెకనులో వెయ్యో వంతుల లెక్కలో నడుస్తుంది.

పీసీఆర్ అనే కంట్రోల్ రూమ్‌లో డైరెక్టర్ “టూ” అనగానే, ఏ కెమెరా బొమ్మ ప్రసారం కావాలో ఎంచే స్విచ్చర్ మీద బటన్ పడుతుంది. రెండో కెమెరా నెత్తిన ఎర్ర లైట్ వెలుగుతుంది, యాంకర్ చూపు అటు తిరుగుతుంది. ఆ మార్పులో బొమ్మ ఎగరకూడదంటే కెమెరాలన్నీ ఒకే క్షణంలో ఫ్రేమ్, అంటే వీడియోలోని ఒక్కో నిశ్చల చిత్రం, మొదలుపెట్టాలి. దీన్నే జెన్‌లాక్ అంటారు. కుదించని హెచ్‌డీ బొమ్మ స్టూడియోల్లో వాడే ఎస్‌డీఐ అనే వీడియో కేబుల్‌లో సెకనుకు 1.485 గిగాబిట్ల వేగంతో పరుగెడుతుంది. 2017లో వచ్చిన ఎస్‌టీ 2110 ప్రమాణంతో ఆ కేబుళ్ల చోటికి ఐపీ నెట్‌వర్క్, అంటే కంప్యూటర్లను కలిపే తరహా నెట్‌వర్క్, వస్తోంది. ఇందులో బొమ్మ, శబ్దం వేర్వేరు ప్రవాహాలుగా వెళ్తాయి కాబట్టి గడియారాలు మరీ కచ్చితంగా ఉండాలి. తేడా వస్తే పెదాలు ఒకటి పలుకుతాయి, చెవికి ఇంకొకటి వినిపిస్తుంది.

రికార్డింగ్ ఇప్పుడు నేరుగా సర్వర్‌లోకి, ఫైల్‌గా. 1956లో యాంపెక్స్ అనే అమెరికన్ కంపెనీ మొదలుపెట్టిన వీడియోటేపు రోజుల్లో రీలు తిరిగి వెనక్కి చుట్టుకునేదాకా ఆగాల్సిందే. ఇప్పుడు ఇంటర్వ్యూ ఇంకా సాగుతుండగానే పక్క గదిలో ఎడిటర్ దాని మొదటి నిమిషాలను కట్ చేసేస్తుంటారు.

సమయం తినేది ఆ తర్వాతే. ఆ గిగాబిట్లను ఇళ్లకు పంపడానికి కొద్ది మెగాబిట్లకు కుదించాలి. ఈ పని చేసే ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేమునూ మొత్తం పంపదు, చాలావాటిలో మారిన భాగాన్నే పంపుతుంది. అసలు చిక్కు ఇంకొకటి ఉంది: కొన్ని ఫ్రేములను ముందువాటితో పాటు తర్వాత రాబోయేవాటితో కూడా పోల్చి కుదిస్తుంది. అవి వచ్చేదాకా ఆగక తప్పదు.

చిత్రమేమిటంటే, అన్నిటికన్నా దూరపు ప్రయాణానికే తక్కువ సమయం పడుతుంది. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహానికి వెళ్లి తిరిగి రావడానికి పావు సెకను చాలు. ఫోన్ యాప్ దారి నేల మీదే అయినా మామూలుగా ఎక్కువ ఆలస్యమవుతుంది. ప్రసారాన్ని కొన్నేసి సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు, ప్లేయర్ రెండు మూడు ముక్కలు చేతిలో పెట్టుకుని గానీ మొదలుపెట్టదు. అందుకే పక్కింటి డిష్‌లో గోల్ పడి కేకలు వినిపించాక, మన ఫోన్‌లో ఆటగాడు ఇంకా బంతి వైపు పరుగెడుతుంటాడు. ముక్కలు చిన్నవి చేసి ఈ ఆలస్యాన్ని తగ్గించే పద్ధతులు వచ్చాయి. కానీ చేతిలో నిల్వ తగ్గిన కొద్దీ, నెట్ కాస్త తడబడినా బొమ్మ ఆగిపోయే ముప్పు పెరుగుతుంది.