జలకన్యకు ఇల్లెక్కడ? చెరువు కథలపై అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఊళ్లలో చెరువు కథలు సేకరించడం, వాటి ఆధారంగా బడి పిల్లలతో కొత్త కథలు అల్లించడం నా పని. పన్నెండేళ్లుగా ఇదే చేస్తున్నాను. కట్ట మీద పిల్లలను కూర్చోబెట్టి జలకన్య కథ మొదలుపెడితే పొలానికి పోయే పెద్దవాళ్లు కూడా ఆగి వింటారు. విన్నాక వాళ్లు అనే మాటలు చాలా ఊళ్లలో ఒకేలా ఉంటాయి. ఆ మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: జలకన్య సముద్రానిది, మన చెరువుకు ఆమెతో పనేంటి?

సినిమాలు, బొమ్మల పుస్తకాలు చూసి ఏర్పడిన అభిప్రాయం ఇది. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో డయోడోరస్ అనే గ్రీకు రచయిత ఒక కథ రాసి పెట్టాడు. అప్పటి సిరియాలోని అష్కలోన్ పట్నం దగ్గర లోతైన పెద్ద చెరువు, దాని నిండా చేపలు. దెర్కెతో అనే దేవత అవమానం తట్టుకోలేక ఆ నీళ్లలో దూకింది. ముఖం మనిషిదిగానే ఉండి, ఒళ్లు చేపగా మారింది. అందుకే సిరియా జనం చేపలు ముట్టరని ఆయన రాశాడు. చేప ఒళ్లున్న స్త్రీ గురించి దొరికే బాగా పాత కథల్లో ఇదొకటి, ఇది జరిగింది సముద్రంలో కాదు, చెరువులో. స్లావ్ జాతుల రుసాల్కా ఉండేది నదుల్లో, చెరువుల్లో. బ్రెజిల్ వాళ్ల ఇయారా అమెజాన్ నదిది. పోలండ్ రాజధాని వార్సా నగర చిహ్నం మీద కత్తి, డాలు పట్టుకున్న జలకన్యది విస్తులా నది.

మన వైపు నీటిలోని స్త్రీకి చేపతోక లేదు. ఆమె కట్ట మైసమ్మ, గంగమ్మ. కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన కోడలు కూడా ఆమే. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు కోసం ప్రాణం ఇచ్చిన ముసలమ్మ మీద కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ కావ్యమే రాశారు. అలాంటి కథలు మన ఊళ్లలోనూ వింటాను. ఆ బలి నాకు ఎప్పుడూ మింగుడుపడదు. అందుకే కథ అయ్యాక పిల్లలను ఒక్కటే అడుగుతాను: ఆ కట్ట ఎందుకు తెగబోయింది? నిండిన చెరువులోంచి మిగులు నీళ్లు పొర్లిపోయే అలుగు మూసుకుపోయిందా? కట్టకు ఎలుకలు బొక్కలు చేశాయా? వానాకాలం ముందు ఎవరూ మట్టి పోయలేదా? అప్పుడు పిల్లలు తమ ఊరి కట్ట వైపు తలలు తిప్పి చూస్తారు.

అపోహ: ‘నీళ్లలో అమ్మ కాళ్లు పట్టి లాగుతది’ అనేది ఉత్త మూఢనమ్మకం.

నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఓసారి ఒక పెద్ద చెరువు దగ్గర, ఎన్నో ఏళ్లు చెరువు నీళ్లను పొలాలకు పంచే నీరటిగా చేసిన తాత నన్ను చేయి పట్టి ఆపాడు. “తూముకాడికి పోకు బిడ్డా, అమ్మ ఉన్నది ఆడ” అన్నాడు. “ఇంకెక్కడా లేదా తాతా?” అని అడిగాను. “ఇంకేడ లేదు, ఆడనే” అన్నాడు. పొలాలకు నీళ్లు వదలడానికి తూము ఎత్తి ఉన్నప్పుడు దాని నోటి దగ్గర నీళ్లు లోపలికి గుంజుతాయి. పైకి నిమ్మళంగా కనిపించే నీళ్లలోనే ఈత వచ్చిన మనిషి కూడా చిక్కుకుపోతాడు. కట్ట మొత్తంలో సరిగ్గా ప్రాణం పోయే చోటుకే అమ్మను కాపలా పెట్టారు పెద్దలు. పూడిక తీసినప్పుడు లోతుగా తవ్వి వదిలేసిన గుంతలకు మాత్రం ఇంకా కథ పుట్టలేదు. చెరువు నిండాక అవి కనబడవు. వాటి మీద కథలు రాయమని ఇప్పుడు పిల్లలకు ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇలాంటిదే ‘గంగమ్మకు కోపమొచ్చి చేపలు చచ్చినయ్’ అనే మాట. తెల్లారేసరికి చెరువు నిండా తెల్లగా తేలిన చేపలను చూసిన ముదిరాజ్ కుటుంబాల బాధ నేను దగ్గర నుంచి చూశాను. జరిగేది ఇది. ఊరి మురుగు చేరితే నీళ్లలో నాచు విపరీతంగా పెరిగి చెరువు పచ్చబడుతుంది. పగలు ఎండకు ఆ నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తానే దాన్ని వాడుకుంటుంది. మురుగు కుళ్లడానికీ అదే ఆక్సిజన్ కావాలి. తెల్లవారుజామున నీళ్లలో అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజు తర్వాత ఇంకా తక్కువ. బొచ్చె, రవ్వ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, తర్వాత చచ్చి తేలుతాయి. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి అంత తొందరగా చావదు. ‘అమ్మకు కోపం’ అనే మాటను నేను కొట్టెయ్యను. కోపం ఏ మోరీ మీదో చూపించమంటాను. పిల్లలు వెతికి చూపిస్తారు.

అపోహ: భయపెడితే చెరువు బాగుపడుతుంది.

ఇది నా తప్పు. నాలుగేళ్ల కింద చెరువులో చెత్త వేసేవాళ్లను రాత్రి పట్టుకుపోయే జలకన్య కథ రాశాను. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు, నాకు సంతోషమైంది. వారం తర్వాత ఒక తల్లి నా దగ్గరికొచ్చి, “సార్, మా బిడ్డ చెరువు దిక్కు పోనంటుంది, బతుకమ్మకు కూడా రానంటుంది” అంది. చెత్త మాత్రం ఎప్పటిలాగే పడుతూ ఉంది, ఎందుకంటే వేసేవాళ్లు ఆ కథ వినలేదు. భయం పిల్లలను చెరువుకు దూరం చేసింది. మనుషులు కట్టెక్కడం మానేసిన చెరువును పూడ్చడం చాలా తేలిక, చూసేవాళ్లు ఉండరు కదా. ఆ కథ మళ్లీ ఎక్కడా చెప్పలేదు.

అపోహ: బతుకమ్మ పూలు నీళ్లను శుద్ధి చేస్తాయి.

తంగేడు, గునుగు, బంతి నాకూ ప్రాణం. కానీ నీళ్లలో పడ్డ ఏ పువ్వైనా ఆకులాగే కుళ్లుతుంది. నిండు చెరువుకు ఆ భారం తెలియదు, ఎండిన చిన్న కుంటకు తెలుస్తుంది. మూడో నాడు పూలు తీసేస్తే సరిపోతుంది. నా దృష్టిలో బతుకమ్మ చెరువుకు చేసే మేలు వేరే ఉంది: ఏడాదికోసారి ఊరి ఆడవాళ్లంతా నీళ్ల ఒడ్డున నిలబడి చెరువు ఎలా ఉందో కళ్లారా చూస్తారు.

అపోహ: నిజంగా జలకన్య ఎక్కడో ఉంది, దాస్తున్నారు.

లేదు. నీళ్లలో మనిషిలాంటి జీవి ఉన్నట్టు ఏ ఆధారమూ దొరకలేదని అమెరికా ప్రభుత్వ సముద్ర పరిశోధన విభాగం 2012లోనే ప్రకటించింది. పిల్లలు అడిగితే సూటిగా లేదనే చెబుతాను. అయినా కథ ఆగదు.

అపోహ: కొత్తగా రాస్తే అది జానపదం కాదు, అబద్ధం.

జర్మనీలో రైన్ నది ఒడ్డున బండ మీద కూర్చుని పాడే లోరెలై కథ అనాదిగా ఉందని చాలామంది నమ్మకం. 1801లో బ్రెంటానో అనే కవి ఆమెను సృష్టించాడు. 1824లో హైనే రాసిన పాటతో ఊరూరా పాకింది. నాలుగు నోళ్లలో పడితే మన పిల్లలు రాసిందీ జానపదమే అవుతుంది. నేను పెట్టే షరతు ఒక్కటే: కథలోని జలకన్యకు మన చెరువులోనే ఇల్లుండాలి, ఆ ఇల్లు ఎక్కడో వేలితో చూపించగలగాలి.

అపోహ: కథలతో బుల్డోజర్ ఆగదు.

న్యూజిలాండ్‌లో 2002లో వైకాటో ఎక్స్‌ప్రెస్‌వే పని జరుగుతుండగా, ఆ చిత్తడి నేలలో తమ నీటి ప్రాణి ‘తనీఫా’ ఉందని అక్కడి మూలవాసులైన మావోరీలు అభ్యంతరం చెప్పారు. రోడ్డు వేసేవాళ్లు దారి కొంత మార్చారు. 2017లో అదే దేశం వాంగనుయి నదికి మనిషికున్నట్టే చట్టపరమైన హక్కులు ఇచ్చింది. మన దగ్గర కథకు తోడు కాగితం కూడా కావాలి. శిఖం భూమిలో, అంటే చెరువు నిండితే మునిగే భూమిలో, నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు, కట్టడాలు కట్టకూడదు. చెరువులు, కుంటలను కాపాడాలని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. అందుకే కథ రాసిన పిల్లలతో ఊరి నక్షా కూడా గీయిస్తాను: ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు), తూము, అలుగు, మురుగు కలిసే చోటు.

ఆ నక్షాల్లోంచే నాకు బాగా నచ్చిన కథ వచ్చింది. మన చెరువులు గొలుసుకట్టు. పైకుంట అలుగు పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. మొదటి వరదకు చేపలు కింది నుంచి పైకి ఎదురెక్కుతాయి. ఏడో తరగతి అమ్మాయి ఒకామె తన జలకన్యను పెద్ద చెరువులో పెట్టి, ఆమె అక్కను పైకుంటలో పెట్టింది. ఏటా మొదటి అలుగు పోసిన రాత్రి చెల్లె చేపలతో పాటు ఎదురెక్కి అక్కను చూసొస్తుంది. ఒక ఏడు ఆమె పోలేకపోయింది. ఎందుకని అడిగితే ఆ అమ్మాయికి జవాబు తెలియదు. తెలుసుకోవడానికి ఇరవై మంది పిల్లలతో కాలువ వెంట నడిచాం. మధ్యలో రెండు కుంటలు, వాటిని కలిపే మూడు కాలువలు. మొదటి కాలువ మీది మోరీ పైపు ఇంటి కట్టడాల మట్టితో, ఇటుక పెళ్లలతో నిండి ఉంది. రెండో కాలువ నిండా సర్కారు తుమ్మ. మూడోదాని మీద ప్లాట్ల ప్రహరీ గోడ.

పిల్లలు పంచాయతీకి నక్షాతో పాటు కథ కూడా రాసిచ్చారు. పైపు శుభ్రం చేశారు, తుమ్మ కొట్టేశారు. పోయిన వానాకాలం నీళ్లు ఆ పైపులోంచి దిగిన రోజు ఒక పిల్లాడు నాకు ఫోన్ చేసి, “సార్, చెల్లె బయల్దేరింది” అన్నాడు. ఇప్పుడామె పైనున్న రెండో కుంట వరకు వచ్చి ఆగింది. గోడ ఇంకా ఉంది. అర్జీ రెండోసారి పెట్టాం.