రాడ్‌బోర్న్ చెయ్యి

చిరంజీవులైన పిల్లలకు, తాతయ్య ఆశీస్సులు.

మొన్న టీవీ ముందు కూర్చుని, బాగా వేస్తున్న బౌలర్‌కి విశ్రాంతి ఎందుకివ్వాలని వాదించుకున్నారు కదా. మీ మాటలు వింటుంటే నాకు చార్లెస్ రాడ్‌బోర్న్ గుర్తొచ్చాడు. అమెరికాలో జీతం తీసుకుని బేస్‌బాల్ ఆడటం కొత్తగా మొదలైన కాలం నాటి పిచ్చర్. పిచ్చరంటే మన బౌలర్ లాంటివాడే. కాకపోతే బంతి నేలను తాకకుండా నేరుగా విసరాలి.

ఇలినాయ్‌లోని బ్లూమింగ్టన్‌లో పెరిగాడు. తండ్రిది మాంసం కొట్టే వృత్తి, కొన్నాళ్లు తనూ ఆ పనే చేశాడు. 1881లో ప్రావిడెన్స్ గ్రేస్ జట్టులో చేరాడు.

మీకు చెప్పాలనుకున్నది 1884 సంగతి. అప్పుడు జట్టు భారమంతా ఇద్దరు పిచ్చర్ల మీదే ఉండేది. రెండోవాడు చార్లీ స్వీనీ, ఒకే ఆటలో 19 స్ట్రైకవుట్లు చేసిన కుర్రాడు. స్ట్రైకవుటంటే బ్యాటర్ మూడు స్ట్రైకులకి బంతిని సరిగ్గా కొట్టలేక ఔటవడం. ఇద్దరికీ పడేది కాదు. జులైలో రాడ్‌బోర్న్‌ని సస్పెండ్ చేశారు. ఆ వెంటనే స్వీనీ కూడా ఆట మధ్యలో గొడవపడి మైదానం వదిలి వెళ్లిపోయాడు. అతని బదులు ఇంకొకరిని దింపడానికి అప్పటి నియమాలు ఒప్పుకోవు. మిగిలిన ఎనిమిది మందే ఆడి ఓడిపోయారు. జట్టే మూతపడేలా ఉంది.

అప్పుడు రాడ్‌బోర్న్ ఒక బేరం పెట్టాడు. మిగతా ఆటల భారం తనే మోస్తాడు. బదులుగా జీతం పెంచాలి, సీజన్ అయ్యాక తనను విడిచిపెట్టాలి. ఈ రెండో షరతు చిన్నదేం కాదు పిల్లలూ! ఆటగాడు తనంతట తాను వేరే జట్టుకి పోవడానికి వీల్లేకుండా యజమానులు కట్టడి పెట్టుకున్న రోజులవి. అతను నిజంగా అడిగింది ఆ స్వేచ్ఛే అని నాకనిపిస్తుంది.

ఇక వేశాడు, వేస్తూనే ఉన్నాడు. వరసగా 18 ఆటలు గెలిచాడు; బేస్‌బాల్‌లో జట్టు గెలుపుని పిచ్చర్ పేరు మీద కూడా రాస్తారు. ఆ ఏడాది 73 ఆటలు మొదలుపెట్టి, 73నీ చివరిదాకా తనే వేశాడు. 441 స్ట్రైకవుట్లు, 59 గెలుపులు. పాత పుస్తకాల్లో 60 అని ఉంటుంది, లెక్కించే పద్ధతిలో వచ్చిన తేడా అది. అంత గెలుపు మళ్లీ ఎవరికీ దక్కలేదు.

కానీ పొద్దున్నే తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదట. అందరికంటే ముందే మైదానానికి వెళ్లి, నాలుగడుగుల దూరం నుంచి బంతి విసరడం మొదలుపెట్టేవాడు. నొప్పితోనే ఒక్కో అడుగూ వెనక్కి జరుగుతూ, చెయ్యి సాగేదాకా విసిరేవాడు. మధ్యాహ్నం అదే చేత్తో ఆట.

ప్రావిడెన్స్ లీగ్ గెలిచింది. అక్టోబరులో మరో లీగ్ గెలిచిన న్యూయార్క్ మెట్రోపాలిటన్స్‌తో మూడు ఆటలు జరిగితే, మూడూ రాడ్‌బోర్నే వేసి గెలిపించాడు. కోరిన విడుదల దొరికినా, పెరిగిన జీతంతో ఆ జట్టులోనే ఉండిపోయాడు. మరుసటి ఏడు గెలుపులు 28కి పడిపోయాయి. 1891తో ఆట ముగిసింది. 1897లో, 42 ఏళ్లకే పోయాడు.

అప్పట్లో పిచ్చర్ నిలబడే గీత బ్యాటర్‌కి 50 అడుగుల దూరం. మన క్రికెట్ పిచ్ 66 అడుగులు. ఈసారి మీరొచ్చినప్పుడు పెరట్లో కొలిచి చూద్దాం. టేపు నా దగ్గరుంది.

ప్రేమతో,
తాతయ్య