వయొలిన్ పెట్టె చూసి భయపడకండి: పాలియేటివ్ వార్డులో పాట, అపోహలు - వాస్తవాలు

మొన్న మళ్ళీ అదే జరిగింది. వార్డు తలుపు దగ్గర ఒకాయన నా చేతిలో వయొలిన్ పెట్టె చూసి ఆగిపోయాడు. "పాట వింటారేమో అడుగుదామని వచ్చారు" అని సిస్టర్ చెప్పగానే ముఖం మారిపోయింది. నన్ను కారిడార్లోకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, "ఇంకెన్ని రోజులంటున్నారు సార్?" అన్నాడు.

పదకొండేళ్ళుగా హైదరాబాద్‌లో పాలియేటివ్ టీములతో, అంటే జబ్బు బాధల నుంచి ఉపశమనం ఇచ్చే వైద్య బృందాలతో, తిరుగుతూ పేషెంట్ల మంచాల పక్కన వాయిస్తున్నాను. ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అడిగేవాళ్ళ తప్పు కూడా కాదు. మంచం పక్కన పాట అంటే మనకి ముందు గుర్తొచ్చేది ఘంటసాల గారి భగవద్గీత. చావు ఇళ్ళలో, వైకుంఠ రథాల్లో అదే వేసీ వేసీ, ఆ గొంతు వినబడితే వీధిలో వాళ్ళు "ఎవరు పోయారు?" అని బయటికొచ్చే దాకా తెచ్చాం. ఇక నేను పెట్టె పట్టుకుని వస్తే వాళ్ళకి ఇంకేం అనిపిస్తుంది?

అపోహ: పాట వచ్చిందంటే డాక్టర్లు చేతులెత్తేసినట్టే.

కాదు. పాలియేటివ్ కేర్ అంటే నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, భయం, వీటిని పట్టించుకునే వైద్యం. కీమో నడుస్తుండగానే మొదలుపెట్టొచ్చు, పెట్టాలి కూడా. 2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మంది మీద ఒక పరిశోధన చేశారు. మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ కూడా అందినవాళ్ళు మిగతావాళ్ళకంటే తక్కువ దిగులుతో ఉన్నారు. పైగా రెండున్నర నెలలకు పైగా ఎక్కువ బతికారు.

నన్ను పొమ్మంటే నాకేం నష్టం లేదు, పక్క మంచానికి వెళ్తాను. కానీ మనవాళ్ళు నాతో పాటు సిస్టర్‌నీ పొమ్మంటారు. సిస్టర్‌తో పాటు మార్ఫిన్ అనే నొప్పి మందు కూడా పోతుంది. అక్కడ మునుగుతున్నారు జనం.

ఒక ఆసుపత్రిలో గజ్వేల్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉండేది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, ఎముకలకి పాకింది. కొడుకు నా చెయ్యి పట్టుకుని, "అన్నా, అమ్మకి ఏం తెల్వదు. మీరొచ్చి వాయిస్తే తెలిసిపోతది" అన్నాడు. సరే అని వచ్చేశాం. మార్ఫిన్ మాత్రలు కూడా వద్దన్నాడట, అలవాటు పడిపోతుందని. తొమ్మిదో రోజు తనే సిస్టర్‌కి ఫోన్ చేశాడు. మేం వెళ్ళేసరికి ఆమె ఒక పక్కకి ముడుచుకుని, మంచం ఇనుప కమ్మీని రెండు చేతుల్తో పట్టుకుని ఉంది. గాజులు కమ్మీకి తగిలి చిన్నగా టకటకమంటున్నాయి. ఆ రోజు నేను పెట్టె తెరవలేదు. నొప్పితో మెలికలు తిరిగేవాళ్ళ ముందు వయొలిన్ తియ్యడమంత తెలివితక్కువ పని లేదు. ముందు మందు, తర్వాతే పాట. మందు బదులు పాట అన్నది ఎప్పుడూ లేదు.

మార్ఫిన్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నొప్పికి సరిపడా డాక్టర్ కొలిచి ఇస్తే అది వ్యసనం కాదు, ప్రాణం తియ్యదు. మామూలు మాత్ర నాలుగు గంటలకొకసారి వేసుకోవాలి. మలబద్ధకం చేస్తుంది కాబట్టి విరేచనం మందు కూడా రాస్తారు, దాన్ని మానకండి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక గుర్తింపు ఉన్న ఆసుపత్రులు దీన్ని తెప్పించుకోవడం సులువైంది. ఇంత చేసి ఊళ్ళోకి తెస్తే, ఎవరో బాబాయ్ చెప్పాడని డబ్బా తీసి బీరువాలో పెడతారు. కోపం రాదా మరి!

మందు మొదలైన మూడు రోజులకి ఆ పెద్దమ్మే అడిగింది: "గా పెట్టె పట్టుకొచ్చినాయన ఏడవోయిండు?" నేను వెళ్ళి స్టూల్ మీద కూర్చున్నాను. కచేరీలోలాగా కింద కూర్చుంటే మంచం మీద వాళ్ళకి నా నడినెత్తి తప్ప ఏమీ కనబడదు. కొడుకు టీకి వెళ్ళగానే, "నాకు ఎర్కనే బిడ్డా. మావోనికి చెప్పకు, బుగులు పడతడు" అంది. తర్వాత బతుకమ్మ పాట అడిగింది. పండుగ కాని రోజుల్లో ఎట్లా అని కోడలు సందేహించింది. ఆమె వినలేదు. వయొలిన్ తీగల కింది బ్రిడ్జికి చప్పుడు తగ్గించే రబ్బరు మ్యూట్ పెట్టి, శృతి బాగా తగ్గించి, మెల్లగా వాయిస్తున్నాను. నాలుగు వరుసలు అయ్యాయో లేదో చెయ్యెత్తి ఆపింది. "గట్ల సాగదీస్తే చప్పట్లు ఎప్పుడు కొట్టాలె?" అని పక్కబట్ట మీద అరచేత్తో దరువేసి చూపించింది. ఆమె ఆ తర్వాత ఏడు నెలలు ఉంది. చాలా వరకు ఊళ్ళోనే, సొంత ఇంట్లోనే ఉంది.

మిగతావి గబగబా.

అపోహ: ఫలానా రాగం కణితిని కరిగిస్తుంది. వాట్సాప్‌లో తిరుగుతుంది, నాకూ నెలకి నాలుగు వస్తాయి. అబద్ధం. క్యాన్సర్ పేషెంట్లకి సంగీతం వల్ల ఏం జరుగుతుందో 81 ప్రయోగాలని కలిపి చూసిన సమీక్ష 2021లో వచ్చింది. టెన్షన్, నొప్పి, నీరసం కొంత తగ్గవచ్చని తేలింది. నేను నమ్మేది ఆ "కొంత"నే. రాగం పేరు చెప్పి కీమో మాన్పించేవాళ్ళని గుమ్మం ఎక్కనివ్వకండి.

అపోహ: భక్తి పాటలే పాడాలి. పాతబస్తీ పెద్దాయనకి గజల్ కావాలి, రిటైరైన ఆర్టీసీ డ్రైవర్‌కి పాత సినిమా డ్యూయెట్. ఏం కావాలో పేషెంట్‌నే అడగండి. వద్దంటే వద్దు. వార్డులో సూది వద్దనడానికి లేదు, స్కాన్ వద్దనడానికి లేదు. వాళ్ళు ధైర్యంగా పొమ్మనగలిగేది నన్నొక్కణ్ణే. అన్నప్పుడు నాకు సంతోషమే.

అపోహ: ఫోన్‌లో పెడితే సరిపోతుంది. చాలాసార్లు సరిపోతుంది, నిజమే. కానీ దగ్గు వచ్చినప్పుడు ఫోన్ ఆగదు. నేను ముందు వాళ్ళ ఊపిరి ఎంత వేగంగా ఉందో చూసి ఆ వేగంలోనే మొదలుపెట్టి, కొద్దికొద్దిగా నెమ్మది చేస్తాను. ఫోన్‌లో అయితే సరిగ్గా కళ్ళు మూతపడే వేళకి ప్లాట్ల అమ్మకం ప్రకటన వస్తుంది.

అపోహ: పాట విని ఏడిస్తే రోగం పెరుగుతుంది. పెరగదు. ఏడవనివ్వండి, చెయ్యి పట్టుకోండి.

అపోహ: స్పృహ లేనివాళ్ళకి ఏమీ వినబడదు. కెనడాలో హాస్పిస్‌లో, అంటే చివరి దశలో ఉన్న రోగుల్ని చూసుకునే చోట, ఉన్నవాళ్ళ మెదడు తరంగాలు కొలిచి 2020లో ప్రచురించారు. పిలిస్తే పలకని స్థితిలో, చివరి గంటల్లో కూడా కొందరి మెదడు శబ్దాలకి స్పందించింది. అర్థమవుతోందా అన్నది వేరే సంగతి. కాబట్టి పొలం పంపకాల గొడవ మంచం పక్కన పెట్టుకోకండి, కింద క్యాంటీన్ ఉంది.

ఎక్కడికి వెళ్ళాలని చాలామంది అడుగుతారు. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్ డబ్బు తీసుకోదు. జిల్లా ఆసుపత్రుల్లో కూడా పాలియేటివ్ కేంద్రాలు పెట్టారు, మీ ఊరికి దగ్గర్లో ఉందేమో కనుక్కోండి. వెళ్ళేటప్పుడు బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ, ఇప్పుడు వాడుతున్న మాత్రల షీట్లు అన్నీ సంచిలో పెట్టుకెళ్ళండి. నొప్పి రాత్రి ఎక్కువా పగలు ఎక్కువా అన్నది చీటీ మీద రాసుకోండి, డాక్టర్ ముందు అది గుర్తురాదు. అక్కడ నాలాంటివాడు పెట్టెతో ఎదురైతే మొహమాటం లేకుండా పంపించెయ్యండి. సిస్టర్‌ని మాత్రం ఉండనివ్వండి.