బరీ నుంచి షెఫీల్డ్ దాకా: పై మెట్టు కోసం అప్పుల పందెం

2019 ఆగస్టు 27, మంగళవారం. మాంచెస్టర్‌కు ఉత్తరాన ఉన్న బరీ పట్టణంలోని గిగ్ లేన్ మైదానానికి జనం చీపుర్లు, బకెట్లు, తుడుపుగుడ్డలు పట్టుకుని వచ్చారు. వందల మంది వరసల్లో నిలబడి కుర్చీలు కడిగారు. అప్పుల్లో కూరుకున్న బరీ ఫుట్‌బాల్ క్లబ్బును కొనడానికి ఒక సంస్థ సిద్ధంగా ఉందని, శనివారం డాంకాస్టర్‌తో మ్యాచ్ జరుగుతుందని వాళ్ల ఆశ. మధ్యాహ్నానికి ఆ సంస్థ వెనక్కి తగ్గింది. రాత్రి పొద్దుపోయాక లీగ్ ప్రకటన వెలువడింది: బరీకి ఇక చోటు లేదు.

1885లో పుట్టి, 1900లోనూ 1903లోనూ ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ అయిన ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్బు అది. నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయం మరొకటి ఉంది. అంతకు కొద్ది నెలల ముందే బరీ నాలుగో డివిజన్‌లో రెండో స్థానంలో నిలిచి మూడో డివిజన్‌కు ఎక్కింది. ఆ విజయం సాధించిపెట్టిన ఆటగాళ్లకు అప్పటికే జీతాలు సరిగా అందడం లేదు.

దీన్ని ఒక్క క్లబ్బు నిర్వాకంగా తీసిపారేస్తే అసలు సంగతి అర్థం కాదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఎప్పుడూ వైకుంఠపాళి లాంటిదే, గెలిస్తే నిచ్చెన, ఓడితే పాము. అయితే ఒకప్పుడు మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎడం తక్కువ. ఆటగాళ్ల జీతాలకు 1901 నుంచి గరిష్ఠ పరిమితి ఉండేది. మొదట్లో వారానికి 4 పౌండ్లు, 1961 జనవరిలో ఎత్తివేసేనాటికి 20 పౌండ్లు. ఆటగాళ్ల సంఘం నేత జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్లు సమ్మెకు సిద్ధపడి సాధించుకున్న హక్కు అది. వేలాది మంది టికెట్టు కొని చూసే ఆటలో ఆడేవాడికి కూలి డబ్బులు విదిలించడం అన్యాయమే. ఆ పోరాటాన్ని నేను తప్పుపట్టను. అప్పట్లో గేటు వసూళ్లలో అతిథి జట్టుకూ వాటా ఉండేది. చిన్న క్లబ్బులకు ఆ ఆసరా మిగిలింది.

తర్వాత ఆ ఆసరా కూడా పోయింది. 1983 నుంచి లీగ్ మ్యాచ్‌ల గేటు డబ్బంతా ఆతిథ్య జట్టుదే అయింది. ఎనభైల మధ్యలో టీవీ సొమ్ములో సగం మొదటి డివిజన్‌కే దక్కేలా పెద్ద క్లబ్బులు పట్టుబట్టి సాధించుకున్నాయి. 1992లో ఆ డివిజన్ మొత్తంగా విడిపోయి ప్రీమియర్ లీగ్ అయింది. ఐదేళ్లకు 30.4 కోట్ల పౌండ్ల టీవీ ఒప్పందం కుదుర్చుకుంది. మెట్టు ఉన్నచోట కొండచరియ లేచింది. కింద పడిన జట్లు తట్టుకోవడానికి ‘పారాచూట్’ పేరుతో కొన్నేళ్లపాటు డబ్బు ఇస్తారు. ఆ డబ్బుతో దిగివచ్చిన జట్లతో పోటీపడాలంటే మిగిలిన క్లబ్బులకు అప్పే గతి.

ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. కోవిడ్‌కు ముందు 2018-19లోనే రెండో డివిజన్ అయిన చాంపియన్‌షిప్‌లో ప్రతి 100 పౌండ్ల రాబడికి జీతాల ఖర్చు 107 పౌండ్లని లెక్కల సంస్థ డెలాయిట్ తేల్చింది. కరెంటు బిల్లూ గడ్డి కోసే ఖర్చూ దానికి అదనం. లోటు పూడ్చేది యజమాని జేబు. ఆ జేబు మూతపడిన రోజున క్లబ్బుకు దిక్కు లేదు.

2014 మే 24న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జరిగిన ప్లేఆఫ్ ఫైనల్‌ను చూడండి. చాంపియన్‌షిప్ నుంచి ప్రీమియర్ లీగ్‌కు ఎక్కే చివరి చోటును తేల్చే మ్యాచ్ ఇది. క్వీన్స్ పార్క్ రేంజర్స్ పది మందితో ఆడుతోంది. ఒత్తిడంతా డెర్బీ కౌంటీదే. 90వ నిమిషంలో బాబీ జమోరా గోలు కొట్టాడు. గెలిచిన క్లబ్బు ఆ సీజన్‌లో రాబడికి దాదాపు రెండింతలు జీతాలకు పెట్టింది. మరుసటి ఏడాదే మళ్లీ కిందికి జారింది. ఖర్చు నిబంధనల ఉల్లంఘన కేసు 2018లో జరిమానా, ఖర్చులు, యజమానుల అప్పును వాటాలుగా మార్చడం అన్నీ కలిపి సుమారు 4.2 కోట్ల పౌండ్ల రాజీతో ముగిసింది.

ఓడిన డెర్బీది మరింత విషాదం. 1888లో లీగ్‌ను స్థాపించిన పన్నెండు క్లబ్బుల్లో అదొకటి. ఆ ఒక్క గోలు మిగిల్చిన ఆకలితో ఏళ్ల తరబడి ఖర్చు పెట్టింది. నష్టాల పరిమితి దాటకుండా ఉండేందుకు యజమాని మెల్ మోరిస్ సొంత కంపెనీకే ప్రైడ్ పార్క్ స్టేడియాన్ని 8.1 కోట్ల పౌండ్లకు అమ్మారు. 2019 ప్లేఆఫ్ ఫైనల్లో ఆస్టన్ విల్లా చేతిలో మళ్లీ ఓటమి. 2021 సెప్టెంబరులో దివాలా ప్రక్రియ, మొత్తం 21 పాయింట్ల కోత, 2022లో మూడో డివిజన్‌కు పతనం.

ఈ పందెంలో తెలుగువారికి తెలిసిన పేరు కూడా ఒకటుంది. హైదరాబాద్‌లో మొదలై పుణె కేంద్రంగా ఎదిగిన కోళ్ల పరిశ్రమ సంస్థ వెంకీస్ 2010లో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొన్నది. 2012లో ప్రీమియర్ లీగ్ నుంచి జారిన ఆ జట్టు ఇంతవరకు తిరిగి ఎక్కలేదు. తర్వాత తర్వాత భారత్ నుంచి నిధులు పంపడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతి కోరవలసి వచ్చింది. ఒక ఇంగ్లిష్ పట్టణపు జట్టు జీతాలు అంత దూరాన ఉన్న కోర్టు వాయిదాల మీద ఆధారపడటం ఆ క్లబ్బు అభిమానులు ఎన్నడూ ఊహించి ఉండరు.

నిబంధనలు లేవని కాదు, ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉన్నాయి. 2002 అక్టోబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్లిన లెస్టర్ సిటీ అప్పులు దులుపుకుని, అదే సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌కు ఎక్కింది. మిగతా క్లబ్బులు భగ్గుమన్నాకే పాయింట్ల కోత శిక్ష వచ్చింది. నాలుగో డివిజన్‌లో జీతాలు రాబడిలో 55 శాతం దాటకూడదన్నారు, కానీ యజమాని ఇచ్చే విరాళాన్నీ రాబడిగానే లెక్కించారు. దివాలా తీసిన క్లబ్బు ఆటగాళ్ల బకాయిలు, ఇతర క్లబ్బుల బాకీలు పూర్తిగా తీర్చాలన్న లీగ్ నియమం మాత్రం గట్టిగా నిలిచింది. ఊళ్లో మాంసం సరఫరా చేసినవాడికి, రంగులు వేసినవాడికి పౌండుకు కొన్ని పెన్నీలు దక్కితే గొప్ప. నా దృష్టిలో ఈ వ్యవహారమంతటిలోనూ ఇంతకన్నా పెద్ద అన్యాయం లేదు.

బరీ పతనం తర్వాత మొదలైన చర్చ, 2021లో మాజీ క్రీడల మంత్రి ట్రేసీ క్రౌచ్ చేసిన సమీక్ష, చివరికి 2025 జులైలో చట్టమైంది. క్లబ్బుల ఆర్థిక వ్యవహారాలపై స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. మూడు నెలలు తిరిగేసరికి, 2016 ప్లేఆఫ్ ఫైనల్లో ఓడిన నాటి నుంచి పై మెట్టును అందుకోలేకపోయిన షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ ఏడాది సిబ్బందికి, ఆటగాళ్లకు పదే పదే జీతాలు ఆలస్యమయ్యాయి. యజమానిపై కోపంతో అభిమానులు క్లబ్బు దుకాణంలో అడుగుపెట్టడమే మానేశారు. అక్టోబరు 24న క్లబ్బు ఆయన చేతి నుంచి జారింది, పాయింట్ల పట్టికలో 12 తగ్గాయి. అదే రోజు హిల్స్‌బరో స్టేడియం దగ్గరి ఆ దుకాణం ముందు జెర్సీలు, కండువాలు కొనడానికి జనం బారులు తీరారు.