నెట్ బంద్ అయితే ఉల్లిగడ్డ పనిచేయదు

వరంగల్‌లో పిల్లల డాక్టర్ రామనాథంను 1985 సెప్టెంబర్ 3న ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ఆయన పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన బాలగోపాల్‌దీ అదే సంఘం. అప్పట్లో నిజనిర్ధారణ అంటే ఊరికి పోవడం, విన్నది నోట్‌బుక్కులో రాసుకోవడం, తిరిగొచ్చి కరపత్రం వేయడం. చెప్పినవాళ్ల పేరు బయటపడకుండా చూడటమే పెద్ద టెన్షన్. నోట్‌బుక్కు పోయి ఫోన్ వచ్చినా ఆ టెన్షన్ పోలేదు.

మన దేశంలో నెట్ మీద నిషేధం మొదట్లో మొరటుగానే ఉండేది. 2003లో ప్రభుత్వం ఒక్క యాహూ గ్రూపును (నెట్‌లో చర్చలు నడిచే గుంపు) ఆపమంటే, విడిగా ఆపడం చేతగాక నెట్ ఇచ్చే కంపెనీలు గ్రూపులన్నిటినీ మూసేశాయి. 2009 నిబంధనలతో, సైట్లను ఆపమని ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద ప్రభుత్వం ఇచ్చే ఆదేశాలు రహస్యమయ్యాయి. ఏది ఎందుకు ఆగిందో మామూలు మనిషికి తెలిసే దారి లేదు.

ఎవరు ఏం చూస్తున్నారో తెలియకుండా నెట్ వాడేందుకు హక్కుల సంఘాలు ఎక్కువగా నమ్మే సాఫ్ట్‌వేర్ టార్. అది పుట్టింది మాత్రం, వింతగా, అమెరికా నేవీ ల్యాబ్‌లో. ఉల్లిగడ్డ పొరల్లా సందేశానికి మూడు తొడుగులు వేసి, మూడు కంప్యూటర్ల మీదుగా పంపుతుంది. మొదటిదానికి పంపిందెవరో తెలుసు, చివరిదానికి పోయేదెక్కడికో తెలుసు, రెండూ తెలిసినది ఏదీ ఉండదు. నేవీ ఒక్కటే వాడితే టార్‌లో కనిపించిన ప్రతివాడూ నేవీవాడే అని తేలిపోతుంది. అందుకే దాన్ని 2002లో అందరికీ ఇచ్చేశారు. మేడారం జాతరలో కలిసిపోయిన మనిషిని పట్టుకోవడం ఎంత కష్టమో ఇదీ అంతే. టార్‌నే ఆపేసిన దేశాల్లో, టార్ బహిరంగ జాబితాల్లో లేని కంప్యూటర్ల ('బ్రిడ్జి'ల) గుండా లోపలికి పోతారు.

మన నెట్ వాడకాన్ని ఒక కంపెనీ సర్వర్ మీదుగా దాచి పంపే వీపీఎన్ తేలికే కానీ, అందులో ఆ కంపెనీ ఒక్కదాన్నే నమ్మాలి. వాడేవాళ్ల వివరాలు ఐదేళ్లు దాచాలని 2022లో కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించడంతో కొన్ని కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. కశ్మీర్‌లోనైతే 2020లో వీపీఎన్‌తో సోషల్ మీడియా వాడినవాళ్ల మీద ఉపా (ఉగ్రవాద వ్యతిరేక చట్టం) కింద కూడా కేసు పెట్టారు.

ఇవన్నీ నెట్ ఉన్నప్పటి ముచ్చట్లు. 2024 సెప్టెంబర్‌లో ఆసిఫాబాద్ జిల్లా జైనూర్‌లో అల్లర్లు జరిగినప్పుడు నెట్టే ఆపేశారు. అట్లాంటప్పుడు టార్ లేదు, వీపీఎన్ లేదు. వీడియో ఉన్న ఫోన్ జేబులో పెట్టుకుని, సిగ్నల్ దొరికే ఊరి దాకా మనిషే పోవాలి.