ఏ ప్రింటు చూశారు? పాత సినిమాల తగవు వెనుక కథ

పాత హాలీవుడ్ సినిమాలంటే ప్రాణం పెట్టేవాళ్లు నలుగురు కలిస్తే మాట పెరగడానికి ఎంతోసేపు పట్టదు. ఏది గొప్ప సినిమా అన్నది పైకి కనిపించే తగవు. బ్రిటన్‌లో వెలువడే ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకుల ఓట్లతో ఓ జాబితా వేస్తోంది. 1962 నుంచి 2002 దాకా అందులో మొదటి స్థానం ‘సిటిజన్ కేన్’దే. 2012లో ‘వెర్టిగో’ ఆ స్థానం లాక్కుంది. 2022లో షాంతాల్ ఆకెర్‌మాన్ తీసిన ‘జాన్ డీల్మన్’ అన్నిటికన్నా పైకి వచ్చేసరికి కొందరు సంబరపడ్డారు, కొందరు మండిపడ్డారు. ఈ తగవు తెగేది కాదు, తెగాల్సిన పనీ లేదు. ఎవరి అభిరుచి వారిది.

స్నేహాలు చెడేదాకా వెళ్లే తగవు వేరే ఉంది. నువ్వు చూసింది ఏ ప్రింటు? రంగులద్దిందా, నలుపు తెలుపుదా? పూర్తి ఫ్రేమా, పక్కలు కోసేసిందా? దర్శకుడు కూర్చినట్టే ఉందా, స్టూడియో కత్తిరించిందా? ఇద్దరూ ఒకే సినిమా పేరు చెబుతూ, నిజానికి రెండు వేర్వేరు సినిమాల గురించి పోట్లాడుకోవడం ఇక్కడ మామూలే. ఒకరు నిస్సారంగా ఉందన్నది మరొకరికి అద్భుతంగా కనిపించడానికి సగం కారణం అదేనని నా నమ్మకం.

ఈ చిక్కు మూకీల కాలంలోనే మొదలైంది. అప్పట్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు 16 ఫ్రేములు కావచ్చు, 20 కావచ్చు, ఆపరేటర్ చేతివాటాన్ని బట్టి. మాటలు వచ్చాక శబ్దం చెడకుండా ఉండాలని సెకనుకు 24 ఫ్రేములని ఖాయం చేశారు. తర్వాతి తరాలు పాత రీళ్లను అదే వేగంతో ఆడించడంతో మనుషులు గబగబా తుళ్లుతూ నడుస్తున్నట్టు కనిపించారు. మూకీ అంటే నవ్వులాట అన్న అపోహ చాలావరకు అలా పుట్టిందే. పైగా స్వదేశానికి ఒక నెగటివ్, విదేశాలకు ఒక నెగటివ్ తీయడం ఆనాటి పద్ధతి. రెండు కెమెరాలు పక్కపక్కన పెట్టేవారు, లేదా అదే సీను మళ్లీ తీసేవారు. అంటే ఒక్క సినిమాకే పుట్టుకతో రెండు రూపాలు.

మిగిలినవైనా ఎన్ని? అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 1912 నుంచి 1929 దాకా ఆ దేశంలో వచ్చిన మూకీ ఫీచర్ చిత్రాలు 10,919. మొదట విడుదలైన రూపంలోనే మిగిలినవి 1,575. నూటికి 14. విదేశీ ప్రింట్లు, నాసిరకం కాపీలు, అరకొర రీళ్లు అన్నీ కలుపుకున్నా 3,311 దాటలేదు. ఆనాటి సినిమాలు తీసిన నైట్రేట్ ఫిల్మ్‌కు నిప్పు ఇట్టే అంటుకుంటుంది. 1937లో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ వారి గోదాము తగలబడి ఆ సంస్థ మూకీలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. నిప్పు తినేసినవి పోగా, ఇక పైసా రాదని స్టూడియోలే వదిలేసినవి ఎన్నో.

1927 నాటి జర్మన్ చిత్రం ‘మెట్రోపోలిస్’ను చూడండి. బెర్లిన్‌లో తొలి ప్రదర్శన అయ్యాక దాన్ని బాగా కుదించేశారు. దశాబ్దాల పాటు ప్రపంచం చూసిందీ, విమర్శకులు తూచిందీ ఆ కుదించిన రూపాన్నే. 2008లో బ్యూనస్ ఎయిరిస్‌లోని సినిమా మ్యూజియంలో గీతలు పడిన ఒక 16 ఎంఎం కాపీ బయటపడింది. అందులో, పోయాయనుకున్న దాదాపు 25 నిమిషాలు ఉన్నాయి. 2010లో వాటిని కలిపి మళ్లీ ప్రదర్శించారు. కథ అతుకులబొంతలా ఉందని అంతకుముందు రాసినవాళ్లను తప్పుపట్టలేం. వాళ్లు చూసిన ప్రింటు అలాంటిది.

టెలివిజన్ వచ్చాక కత్తిరింపు రోజువారీ వ్యవహారమైంది. ప్రకటనలకు చోటివ్వడానికి సీన్లు తీసేసేవారు. 1953లో ‘ది రోబ్’తో సినిమాస్కోప్ మొదలయ్యాక మరో కష్టం వచ్చిపడింది. వెడల్పాటి బొమ్మ టీవీ చట్రంలో పట్టదు కాబట్టి మధ్యలో ఒక ముక్క తీసుకుని, అవసరమైనప్పుడు అటూ ఇటూ జరుపుతూ చూపించేవారు. దీన్నే పాన్ అండ్ స్కాన్ అన్నారు. 1959 నాటి ‘బెన్‌హర్’ ఫ్రేము ఎత్తుకన్నా రెండుముప్పావు రెట్లకు పైగా వెడల్పు, కచ్చితంగా చెప్పాలంటే 2.76 రెట్లు. పాత టీవీ తెర 1.33 రెట్లు. రథాల పందెంలో సగానికి పైగా తెర అవతలే ఉండిపోయింది. ఇంట్లో కూర్చుని చూసినవాళ్లకు ఆ సంగతి తెలియనే తెలియదు. తెలియకపోవడమే అసలు అన్యాయం.

ఇక రంగుల గొడవ. నేటి వాదనలన్నీ ఇందులోంచే మాటలు అరువు తెచ్చుకుంటాయి కాబట్టి దీన్ని కాస్త నిదానంగా చూడాలి.

కెనడాకు చెందిన ఇంజనీరు విల్సన్ మార్కిల్ కంప్యూటర్ సాయంతో నలుపు తెలుపు బొమ్మకు రంగు వేసే పద్ధతి తయారుచేశాడు. ముందు సినిమాను వీడియో టేపు మీదికి ఎక్కిస్తారు. ఒక్కో షాట్‌లో ఒక ఫ్రేమును నిలబెట్టి, ఇది చర్మం, ఇది కోటు, ఇది గోడ అని ఆర్టిస్టు హద్దులు గీసి ఒక్కోదానికి రంగు కేటాయిస్తాడు. తర్వాతి ఫ్రేముల్లో ఆ భాగాలు కదులుతుంటే, బూడిద ఛాయల తేడాలను పట్టుకుని కంప్యూటర్ వాటిని వెంబడిస్తుంది. షాట్ మారగానే మళ్లీ మొదటికి. వంద నిమిషాల సినిమా అంటే 1,44,000 ఫ్రేములు. ఆనాటి యంత్రాలకు అన్నేసి రంగుల సూక్ష్మాలు చేతకాలేదు. ముఖాలన్నీ ఒకే గోధుమ పూతలో, గోడలు పాలిపోయి, అంచుల దగ్గర రంగు కారినట్టు ఉండేవి. 1954 నాటి ‘సడెన్లీ’కి రంగు వేసినప్పుడు నీలికళ్లకు పేరుపడ్డ ఫ్రాంక్ సినాట్రా కళ్లు గోధుమరంగులో వచ్చాయి.

ఇంతకన్నా లోతైన లోపం ఒకటుంది. నలుపు తెలుపులో పనిచేసే ఛాయాగ్రాహకుడు రంగుతో ఆలోచించడు. ఎరుపు, పచ్చ రెండూ ఒకే బూడిదలో కలిసిపోవచ్చు. అందుకే గుడ్డలు, గోడలు, రంగుపూతలు ఎలాంటి బూడిదగా పడతాయో చూసి ఎంచుకుంటారు. మనిషిని గోడ నుంచి విడదీసేది వెలుగు. ఆ వెలుగు పక్కా లెక్కతో పడ్డచోట మీద పూత పూస్తే చూపు ఎటు వెళ్లాలో తెలియక తడబడుతుంది. నీడలో దాచిన మనిషి టై రంగు చూసి మొదటే కంటపడతాడు.

మరి అంత ఖర్చుపెట్టి ఎందుకు చేశారు? డబ్బు లెక్క సూటిగా ఉంది. నలుపు తెలుపు సినిమాలను టీవీ స్టేషన్లు కొనడం తగ్గించేశాయి. హాల్ రోచ్ స్టూడియోస్ 1985లో ‘టాపర్’ అనే 1937 నాటి హాస్యచిత్రానికి రంగులద్ది తెచ్చింది. తర్వాత ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ను పట్టుకుంది. ఆ సినిమా కాపీరైటు 1974లో గడువు పొడిగించకపోవడంతో పోయింది. ఎవరైనా రుసుము కట్టకుండా ప్రసారం చేసుకోవచ్చు. ప్రతి క్రిస్మస్‌కు ఊరూరా స్టేషన్లు వేయడంతోనే అది జనానికి అంత దగ్గరైంది. యజమాని లేని ఆ సినిమాకు రంగు వేస్తే, రంగు వేసిన రూపం మీద కొత్తగా హక్కు అడగొచ్చు. 1987 జూన్‌లో అమెరికా కాపీరైట్ ఆఫీసు షరతులతో దీన్ని ఒప్పుకుంది కూడా. కాప్రా, కథానాయకుడు జేమ్స్ స్టువర్ట్ బాహాటంగా వ్యతిరేకించారు. ఫలితం లేకపోయింది.

1986లో టీవీ ఛానెళ్ల అధిపతి టెడ్ టర్నర్ హాలీవుడ్ స్టూడియో ఎంజీఎంను కొన్నాడు. అప్పుల భారం వల్ల చాలా ఆస్తులు తిరిగి అమ్మేసినా సినిమాల భాండాగారాన్ని మాత్రం వదల్లేదు. ఎంజీఎంవే కాక 1950కి ముందటి వార్నర్ చిత్రాలు, ఆర్‌కేవో స్టూడియో చిత్రాలు కలిపి మూడు వేలకు పైగా ఆయన చేతికొచ్చాయి. ‘యాంకీ డూడుల్ డాండీ’, ‘మాల్టీస్ ఫాల్కన్’, ‘కాసాబ్లాంకా’ వరుసగా రంగులు పూసుకున్నాయి. ‘మాల్టీస్ ఫాల్కన్’ దర్శకుడు జాన్ హ్యూస్టన్ అప్పటికి ఊపిరితిత్తుల జబ్బుతో తీసుకుంటున్నాడు. అయినా 1986లో విలేకరుల ముందుకొచ్చి నిరసన తెలిపాడు. మరుసటి ఏడు ఆగస్టులో కన్నుమూశాడు.

టర్నర్ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. సినిమాలు నేను కొన్నాను, నావి. అసలు నెగటివ్ ఎక్కడికీ పోలేదు. ఇష్టం లేనివాళ్లు టీవీలో రంగు తగ్గించుకుని చూడొచ్చు. రంగు వేయడానికి మంచి ప్రింటు వెతకాల్సి వచ్చింది కాబట్టి కొన్ని సినిమాలకు మేలే జరిగిందన్నదీ నిజమే. కానీ గోదాములో నెగటివ్ భద్రంగా ఉండి, స్టేషన్లకు పంపేది మాత్రం రంగు టేపే అయితే, కొత్తగా చూసేవాడికి దొరికే సినిమా ఏది? వాడి వరకు ఆ రంగుదే అసలు. ఈ విషయంలో నేను దర్శకుల పక్షమే.

1987 మేలో వూడీ అలెన్, సిడ్నీ పోలాక్, మిలోష్ ఫోర్మన్, నటి జింజర్ రోజర్స్ సెనేట్ ఉపసంఘం ముందు మాట్లాడారు. 1988 మార్చిలో స్పీల్‌బర్గ్, జార్జ్ లూకాస్ కూడా సెనేట్ ఉపసంఘం ముందుకెళ్లారు. చట్టం మాత్రం వాళ్లకు చుట్టం కాలేదు. అమెరికాలో జీతానికి తీసిన సినిమాకు చట్టం దృష్టిలో రచయిత స్టూడియోనే. సృష్టికర్తల నైతిక హక్కును, అంటే తమ కృతిని ఎవరూ చెడగొట్టకుండా అడ్డుకునే హక్కును గుర్తించే బెర్న్ ఒడంబడికలో ఆ దేశం 1989 మార్చిలో చేరింది కానీ, ఉన్న చట్టాలు చాలంది. 1990లో చిత్రకారులకు, శిల్పులకు అలాంటి హక్కు ఇస్తూ చట్టం తెచ్చి, సినిమాలను బయటే ఉంచింది.

రెండు చోట్ల మాత్రం దర్శకుల మాట నిలబడింది. ఆర్‌కేవోతో ‘సిటిజన్ కేన్’ దర్శకుడు ఆర్సన్ వెల్స్ 1939లో చేసుకున్న ఒప్పందం తన సినిమా మీద ఆయనకు అసాధారణమైన అధికారం ఇచ్చింది. 1989 జనవరిలో ‘సిటిజన్ కేన్’కు రంగు వేసే ఆలోచన బయటపెట్టిన టర్నర్ సంస్థ, న్యాయవాదులు ఆ ఒప్పందం చదివాక ఫిబ్రవరిలోనే విరమించుకుంది. వెల్స్ చనిపోయి అప్పటికి మూడేళ్లు దాటింది. రెండోది ఫ్రాన్స్‌లో. హ్యూస్టన్ తీసిన ‘ఆస్ఫాల్ట్ జంగిల్’ రంగు ప్రతిని అక్కడి లా సాంక్ ఛానెల్ వేయబోతే, ఆయన పిల్లలు, రచయిత బెన్ మాడో కోర్టుకెళ్లారు. ఒకసారి గెలిచి, అప్పీలులో ఓడి, చివరికి 1991 మే 28న ఫ్రెంచ్ అత్యున్నత న్యాయస్థానంలో నెగ్గారు. సినిమా ఏ దేశందైనా సరే, తీసినవారి నైతిక హక్కుకు ఫ్రాన్స్‌లో రక్షణ ఉంటుందని ఆ కోర్టు చెప్పింది. అమెరికన్ దర్శకుడికి సొంత దేశంలో దక్కని న్యాయం పరాయి గడ్డ మీద దక్కింది.

అమెరికన్ కాంగ్రెస్ మధ్యేమార్గం పట్టింది. 1988 సెప్టెంబర్‌లో నేషనల్ ఫిల్మ్ ప్రిజర్వేషన్ చట్టం వచ్చింది. ఏటా 25 సినిమాలను జాతీయ జాబితాలో చేర్చాలి. విడుదలై కనీసం పదేళ్లయి ఉండాలి. ఆ జాబితాలోని సినిమాకు రంగు వేసినా, గణనీయంగా మార్చినా ఆ సంగతి చెబుతూ ప్రతి మీద చీటీ అంటించాలి. మార్చకూడదని అనలేదు, మార్చినట్టు చెప్పమంది. అప్పుడు దర్శకులకు ఇది చాలా తక్కువ అనిపించింది. ఇప్పుడు చూస్తే ఆ చిన్న నిబంధనే అన్నిటికన్నా విలువైనదని నాకనిపిస్తుంది. 1992లో చట్టాన్ని కొనసాగించేటప్పుడు దాన్ని తీసేశారు.

రంగుల మోజు 1990ల మొదట్లోనే చల్లారింది. 1994 ఏప్రిల్ 14న టర్నర్ సంస్థే టర్నర్ క్లాసిక్ మూవీస్ ఛానెల్ మొదలుపెట్టింది. అదే భాండాగారంలోని సినిమాలను కత్తిరించకుండా, ప్రకటనలు లేకుండా, నలుపు తెలుపువి నలుపు తెలుపులోనే చూపించసాగింది. ఒక తరం సినీప్రియులకు అదే బడి. అటు 1984లో మొదలైన క్రైటీరియన్ సంస్థ లేజర్ డిస్కులు (డీవీడీలకు ముందటి పెద్ద వీడియో డిస్కులు) వెడల్పు సినిమాను పైనా కిందా నల్లపట్టీలతో పూర్తిగా చూపించడం ఇళ్లకు అలవాటు చేశాయి.

అయినా తగవు తీరలేదు, రూపం మార్చుకుంది. వెల్స్ తీయగా స్టూడియో మార్చేసిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ను ఆయన రాసిన 58 పేజీల లేఖ ఆధారంగా 1998లో మళ్లీ కూర్చారు. దాన్ని అసలుదనాలా, అసలుకు దగ్గరిదనాలా? 1896 నాటి లూమియేర్ సోదరుల రైలు చిత్రాన్ని 2020లో కృత్రిమ మేధతో సెకనుకు 60 ఫ్రేముల నున్నటి బొమ్మగా మారిస్తే లక్షలమంది చూశారు. అందులో చాలా ఫ్రేములు ఎవరూ తీయనివి, యంత్రం ఊహించి పుట్టించినవి. రంగు వేయడానికీ దీనికీ పెద్ద తేడా నాకు కనిపించలేదు.

అదే ఏడు జూన్‌లో హెచ్‌బీవో మ్యాక్స్ అనే స్ట్రీమింగ్ సేవ ‘గాన్ విత్ ద విండ్’ను కొన్నాళ్లు తీసేసి, బానిసత్వాన్ని అది చూపిన తీరు గురించి సినీ చరిత్రకారిణి జాక్వెలిన్ స్టువర్ట్ చెప్పిన పరిచయం ముందు చేర్చి, మళ్లీ పెట్టింది. సినిమాలో ఒక్క ఫ్రేము ముట్టుకోలేదు. నిషేధమంటూ కొందరు గోల చేశారు కానీ, ఆ పద్ధతి సరైనదే. సినిమా సినిమాగా ఉంది, చెప్పాల్సింది పక్కన చెప్పారు.

2023లో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. విలియం ఫ్రీడ్‌కిన్ 1971లో తీసిన ‘ఫ్రెంచ్ కనెక్షన్’లో జాతిని కించపరిచే మాట ఉన్న చిన్న భాగం స్ట్రీమింగ్ ప్రతిలో మాయమైంది. ముందుగా ఎవరూ చెప్పలేదు. పాత డిస్కులు దగ్గర పెట్టుకున్న ప్రేక్షకులు పక్కపక్కన పెట్టి చూసి పట్టుకున్నారు. ‘ఫ్రెంచ్ కనెక్షన్’ 2005 నుంచి జాతీయ జాబితాలో ఉంది. 1988 నాటి చీటీ నిబంధన ఇంకా అమల్లో ఉండి ఉంటే, ఆ కోత గురించి తెర మీద ఒక వాక్యం రాయమని అడిగే ఆధారం వాళ్ల చేతిలో ఉండేది.